బతికున్న మందు: కార్-టి చికిత్స ఎలా పనిచేస్తుంది

మంచం పక్కన స్టాండుకు ఒక చిన్న సంచి వేలాడుతుంటుంది. రక్తం సంచి అంత కూడా ఉండదు. అందులోని ద్రవం నీళ్లలో కాసిని పాలు కలిపినట్టు పలచగా, మసకగా ఉంటుంది. నర్సు సంచి మీది పేరు, నంబరు పైకి చదువుతుంది. ఇంకొకరు రోగి చేతికి కట్టిన పట్టీ చూసి సరిపోల్చుకుంటారు. రెండూ కలిశాకే గొట్టం తెరుస్తారు. అరగంట లోపే సంచి ఖాళీ అవుతుంది. ఆ కాసేపట్లో రోగి ఊపిరి వెల్లుల్లి వాసన వేయవచ్చు. కంగారు పడక్కర్లేదు. కణాలను గడ్డకట్టించి దాచినప్పుడు అవి చచ్చిపోకుండా కలిపిన ద్రావకం వాసన అది.

పేరు అంత జాగ్రత్తగా చూసుకోవడానికి కారణం ఉంది. ఆ సంచిలోని మందు లోకంలో ఇంకెవరికీ పనికిరాదు. కొన్ని వారాల కిందట ఆ మనిషి ఒంట్లోంచి తీసిన కణాలే అవి. వాటికి ప్రయోగశాలలో ఒక కొత్త పని నేర్పి, కోట్లలోకి పెంచి, మళ్లీ ఆ ఒంట్లోకే పంపుతున్నారు.

ఈ చికిత్స పేరు కార్-టి. అమెరికాలో 2017 ఆగస్టులో మొదటి కార్-టి మందుకు అనుమతి వచ్చింది. మన దేశంలో 2023 అక్టోబరులో నెక్స్‌కార్19 అనే మందుకు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ ఆసుపత్రి కలిసి రూపొందించిన మందు అది. అప్పటి నుంచి హైదరాబాద్‌లోని కొన్ని పెద్ద ఆసుపత్రుల్లోనూ డాక్టర్లు ఈ మాట ఎత్తుతున్నారు. "కీమోకు లొంగలేదు, కార్-టి గురించి ఆలోచిస్తారా?" అని అడిగినప్పుడు ఆ కుటుంబం ఆలోచించుకోవడానికి మిగిలేది కొద్ది రోజులే. ఆ పేరు మొదటిసారి డాక్టరు గదిలోనే వింటే బుర్ర పనిచేయదు. ముందే తీరిగ్గా తెలుసుకుని ఉంటే అడగాల్సినవి అడగగలుగుతాం.

ఒక్క సంగతి మనసులో పెట్టుకుని చదవండి. ఈ మందుకు ప్రాణం ఉంది. మాత్ర కడుపులోకి వెళ్లాక గంటగంటకీ తగ్గిపోతుంది. ఇది ఒంట్లోకి వెళ్లాక పెరుగుతుంది. దీని బలం, ప్రమాదం, ధర మూడూ అక్కడి నుంచే పుట్టాయి.

మన నెత్తురులో తెల్ల కణాలు రకరకాలు. వాటిలో లింఫోసైట్లు (శత్రువును గుర్తుపట్టి ఎదిరించే తెల్ల కణాలు) ముఖ్యంగా రెండు రకాలు. బి కణాలు యాంటీబాడీలను తయారుచేస్తాయి. యాంటీబాడీ అంటే ఒక్కో శత్రువు ఆకారానికి సరిగ్గా అతుక్కునే ప్రోటీను. దాన్ని నెత్తురులోకి వదిలేస్తే అదే వెతుక్కుంటూ వెళ్తుంది. టి కణాల తీరు వేరు. అవి స్వయంగా ఒంట్లో తిరుగుతూ కణం కణాన్నీ తడిమి చూస్తాయి. వైరస్ సోకిన కణం దొరికితే దానికి ఆనుకుని, గోడకు కన్నం వేసే ప్రోటీన్లు వదిలి చంపుతాయి. ఒకదాని పని అయ్యాక ఇంకోదాని దగ్గరికి వెళ్తాయి.

కణం లోపల ఏం జరుగుతోందో టి కణానికి బయటి నుంచి ఎలా తెలుస్తుంది? దాదాపు ప్రతి కణమూ తనలో తయారయ్యే ప్రోటీన్లను ముక్కలు చేసి, కొన్ని ముక్కల్ని పైకి తెచ్చి గోడ మీద పెడుతుంది. వాకిట్లో పారేసిన తొక్కలు చూసి ఆ ఇంట్లో ఏం కూర వండారో చెప్పవచ్చు కదా. టి కణం చేసేది అదే. ఆ ముక్కల్లో తేడా కనిపిస్తే దాడికి దిగుతుంది.

క్యాన్సర్ కణం ఇక్కడే తప్పించుకుంటుంది. అది మన ఒంటి కణమే, దారి తప్పింది. అది పైకి పెట్టే ముక్కలు చాలావరకు మామూలు కణం ముక్కల్లాగే ఉంటాయి. కొన్ని క్యాన్సర్లయితే ముక్కలు పైకి పెట్టడమే మానేస్తాయి. టి కణం దాని పక్కనే వెళ్తుంది, తడుముతుంది, ఏమీ పట్టుబడక ముందుకు సాగిపోతుంది. ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గడం వల్లే ఇలా అయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి కావలసినంత బలం ఉన్నవాళ్లలోనూ ఇదే జరుగుతుంది. చిక్కంతా గుర్తుపట్టడంలో ఉంది. ఇమ్యూనిటీ పెంచుతామని అమ్మే పొడులూ కషాయాలూ ఈ చిక్కు తీర్చలేకపోవడానికి కారణం కూడా ఇదే.

1989లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో జెలిగ్ ఎష్హర్ బృందం దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. యాంటీబాడీకి లోపలి ముక్కలతో పనిలేదు. కణం ఒంటి మీద ఏ ఆకారం ఉందో నేరుగా దాన్నే పట్టుకుంటుంది. టి కణానికి చంపే శక్తి ఉంది. అలాంటప్పుడు యాంటీబాడీ పట్టు కొసను తెచ్చి టి కణానికి తగిలిస్తే పట్టడమూ చంపడమూ ఒక్క కణమే చేస్తుంది. మన గుళ్ల స్తంభాల మీద యాళిని చూసే ఉంటారు: సింహం ఒళ్లు, ఏనుగు తొండం. గ్రీకు కథల్లో అలాంటి కలగలుపు జంతువు పేరు కైమెరా. అందుకే ఈ కొత్త ప్రోటీనుకు కైమెరిక్ యాంటిజెన్ రిసెప్టర్ అనే పేరు స్థిరపడింది. యాంటిజెన్ అంటే కణం ఒంటి మీది ఆనవాలు. రిసెప్టర్ అంటే దాన్ని పట్టుకునే కొక్కెం. ఇంగ్లీషులో ఆ మూడు మాటల మొదటి అక్షరాలు కలిపితే కార్ అవుతుంది.

మొదటి తరం కార్-టి కణాలు ప్రయోగశాల గిన్నెల్లో బాగానే చంపాయి. మనుషుల ఒంట్లో మాత్రం త్వరగా నీరసించిపోయాయి. టి కణం దాడి మొదలుపెట్టడానికి ఒక సంకేతం చాలు. పెరగడానికి, నిలబడటానికి రెండోది కూడా కావాలి. న్యూయార్క్‌లో మిషెల్ సడెలాన్, మెంఫిస్‌లో డారియో కంపానా వంటి శాస్త్రవేత్తలు ఆ రెండో సంకేతం ఇచ్చే ముక్కను కొక్కెం తోకకు జోడించారు. దాంతో ఈ కణాలు ఒంట్లో పెరగడం, నెలల తరబడి నిలవడం సాధ్యమైంది. ఈ చిన్న అతుకు పడటానికి పదేళ్లకు పైగా పట్టింది.

కొక్కెం సిద్ధమైంది. దేన్ని పట్టించాలి? క్యాన్సర్ కణం మీద మాత్రమే ఉండి, మంచి కణాల మీద అస్సలు లేని ఆనవాలు దొరకడం చాలా అరుదు. శాస్త్రవేత్తలు సీడీ19 అనే ఆనవాలును ఎంచుకున్నారు. అది బి కణాల మీద ఉంటుంది. బి కణాల నుంచి పుట్టే బ్లడ్ క్యాన్సర్ల మీదా ఉంటుంది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా (మూలుగలో పుట్టి వేగంగా ముదిరే తెల్ల కణాల క్యాన్సర్) ఎక్కువ భాగం ఈ కోవలోదే. మెడలో, చంకల్లో బిళ్లలు కట్టే లింఫోమాల్లో కూడా చాలావాటి మీద ఈ ఆనవాలు ఉంటుంది.

సీడీ19ను గురిపెడితే మంచి బి కణాలూ పోతాయి. అయినా మనిషి బతకగలడు. బి కణాలు తయారుచేయాల్సిన యాంటీబాడీలను దాతల ప్లాస్మా నుంచి తీసి, అవసరమైనవాళ్లకు నెలకోసారి ఎక్కించవచ్చు. ఊపిరితిత్తులు లేకపోతే బతకలేం. గుండె లేకపోతే బతకలేం. బి కణాలు లేకపోయినా బతకవచ్చు. ఈ చికిత్స మొట్టమొదట బ్లడ్ క్యాన్సర్లలో నెగ్గడానికి ఇదే ముఖ్యకారణం. ఈ మాటతో మళ్లీ పని పడుతుంది.

ఇక తయారీ. రోగిని ఒక యంత్రం పక్కన పడుకోబెడతారు. ఒక గొట్టం గుండా రక్తం యంత్రంలోకి వెళ్తుంది. అక్కడ తెల్ల కణాలు విడిపోతాయి. మిగిలిన రక్తం ఇంకో గొట్టంలోంచి ఒంట్లోకి తిరిగొస్తుంది. దీన్ని అఫెరిసిస్ (యంత్రంతో కావలసిన రక్తకణాలను మాత్రం వేరుచేసుకోవడం) అంటారు. డెంగీ రోజుల్లో ఎవరికైనా ప్లేట్‌లెట్లు ఇచ్చినవాళ్లకు ఈ యంత్రం తెలిసిందే. ఇక్కడ మూడు నుంచి ఐదు గంటలు పడుతుంది. ఆపరేషన్ ఏమీ ఉండదు.

ప్రయోగశాలలో టి కణాలను ప్రేరేపించి మేల్కొలుపుతారు. తర్వాత కొక్కేన్ని తయారుచేసే జన్యువును వాటిలోకి పంపాలి. ఆ జన్యువును మోసుకెళ్లే బండి ఎక్కువసార్లు లెంటివైరస్. ఇది హెచ్‌ఐవీ కుటుంబానికి చెందిన వైరస్. ఆ పేరు వినగానే గుండె గుభేలుమంటుంది. కాస్త ఆగాలి. రోగం తెచ్చే జన్యువులను, తనలాంటి వైరస్‌లను పుట్టించుకునే జన్యువులను అందులోంచి తీసేస్తారు. మోసుకొచ్చిన జన్యువును కణం జన్యువుల మధ్య శాశ్వతంగా అతికించే నేర్పు ఒక్కటే మిగులుస్తారు. దీనివల్ల ఎవరికీ ఎయిడ్స్ రాదు. అయితే తర్వాతెప్పుడైనా చేయించుకునే కొన్ని రకాల హెచ్‌ఐవీ జన్యు పరీక్షల్లో తప్పుగా పాజిటివ్ అని చూపించవచ్చు. మన సమాజంలో ఆ ఒక్క కాగితం ఎంత నష్టం చేయగలదో తెలిసిందే. డాక్టర్లు ఈ సంగతి రోగికీ ఇంట్లోవాళ్లకీ ముందే చెప్పి తీరాలి.

కొత్త జన్యువు అందుకున్న టి కణాలు ఇక తమంతట తామే కొక్కేలు తయారుచేసుకుంటాయి. వాటిని పెంచుతారు. సూక్ష్మక్రిములేమైనా చేరాయా, కణాల్లో ఎన్ని బతికున్నాయి, ఎన్నింటికి కొక్కెం వచ్చింది అని పరీక్షిస్తారు. గడ్డకట్టించి ఆసుపత్రికి పంపుతారు. మొత్తం మీద రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా క్యాన్సర్ ఊరుకోదు. దాన్ని అదుపులో ఉంచడానికి మధ్యలో కొంత కీమో ఇవ్వాల్సి రావచ్చు. అప్పటికే ఎన్నో విడతల కీమోతో టి కణాలు బాగా నలిగిపోయి ఉంటే, ప్రయోగశాలలో అవి సరిగా పెరగకపోవచ్చు కూడా. అందుకే కార్-టి ఆలోచన ఉంటే కణాలు ఎప్పుడు తీయాలన్నది డాక్టర్లు ముందే లెక్క వేసుకోవాలి.

సంచి ఎక్కించే ముందు రెండు మూడు రోజులు ఫ్లుడరబిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే మందులు ఇస్తారు. "మళ్లీ కీమోనా?" అని ఇంటివాళ్లు దిగులు పడతారు. ఇది వేరే పనికోసం. నాట్లు వేసే ముందు మడి దున్ని కలుపు తీస్తాం. అలాగే ఒంట్లో ఉన్న పాత లింఫోసైట్లను తగ్గిస్తే, కొత్తగా వచ్చేవాటికి చోటూ పోషణా దొరుకుతాయి.

2010లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కార్ల్ జూన్ బృందం ముగ్గురు లుకేమియా రోగులకు ఈ కణాలు ఎక్కించింది. ఇద్దరిలో క్యాన్సర్ ఆనవాళ్లు పూర్తిగా మాయమయ్యాయి. కణాలు ఒంట్లో వెయ్యి రెట్లకు పైగా పెరిగాయి. ఒక్కో కార్-టి కణం, దాని సంతానం కలిసి సగటున కనీసం వెయ్యి క్యాన్సర్ కణాలను చంపాయని వాళ్లు లెక్కగట్టారు. ఏ కీమో మందూ ఇలా చేయలేదు. ఆ ఇద్దరిలో పదేళ్ల తర్వాత కూడా ఈ కణాలు బతికే ఉన్నాయని 2022లో ప్రకటించారు.

ఇక్కడిదాకా వింటే అద్భుతంలా ఉంది. 2012లో ఇంకో ముఖం కనిపించింది.

ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ల పాపకు లుకేమియా రెండుసార్లు తిరగబెట్టింది. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో ఆ ఏప్రిల్‌లో కార్-టి కణాలు ఎక్కించారు. ఈ చికిత్స పొందిన మొదటి చిన్నపిల్ల ఆమె. కొద్ది రోజుల్లో విపరీతమైన జ్వరం వచ్చింది. బీపీ పడిపోయింది. వెంటిలేటర్ మీద పెట్టారు. బతకదనే అనుకున్నారు. రక్తం పరీక్షలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం మామూలు కంటే ఎన్నో వందల రెట్లు ఎక్కువ ఉన్నట్టు తేలింది. కార్ల్ జూన్ కూతురికి చిన్నప్పటి నుంచి కీళ్లవాతం. ఆ జబ్బుకు వాడే టోసిలిజుమాబ్ అనే మందు సరిగ్గా ఈ పదార్థాన్నే అడ్డుకుంటుందని తండ్రిగా ఆయనకు తెలుసు. ఆయన ఆ మాట చెప్పగా, వైద్యం చేస్తున్న డాక్టర్ స్టీఫెన్ గ్రుప్ ఆ మందు ఇచ్చారు. గంటల్లో పాప కుదుటపడటం మొదలైంది. ఏడో పుట్టినరోజు నాడు కళ్లు తెరిచింది. క్యాన్సర్ పోయింది. తర్వాత తిరిగి రాలేదు.

ఆ రోజు ఆ మందు తట్టకపోయి ఉంటే ఈ చికిత్స దారి అక్కడే మూసుకుపోయేదేమో. 2017లో అమెరికాలో మొదటి కార్-టి మందుకు అనుమతి ఇచ్చిన రోజునే, ఈ ప్రమాదానికి టోసిలిజుమాబ్ వాడటానికీ అనుమతి ఇచ్చారు.

ఆ ప్రమాదం పేరు సైటోకైన్ రిలీజ్ సిండ్రోమ్. సైటోకైన్లు అంటే రోగనిరోధక కణాలు ఒకదాన్నొకటి పిలుచుకోవడానికి వదిలే రసాయనాలు. ఫ్లూ వస్తే జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చేది చాలావరకు వీటివల్లే. కోట్ల టి కణాలు ఒక్కసారిగా శత్రువును చూసి అరిస్తే ఆ అరుపులకే ఒళ్లు అతలాకుతలమవుతుంది. రక్తనాళాలు వదులై బీపీ తగ్గుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది. ఇది ఎక్కువగా మొదటి రెండు వారాల్లో వస్తుంది. చాలామందిలో జ్వరంతోనే ఆగిపోతుంది. కొందరిని ఐసీయూలో పెట్టాల్సి వస్తుంది. ఒంట్లో క్యాన్సర్ ఎంత ఎక్కువ ఉంటే ఈ తుఫాను అంత గట్టిగా వచ్చే అవకాశం ఉంటుంది. జ్వరం వచ్చిందంటే కణాలు పని మొదలుపెట్టాయని ఒక అర్థం. అదే సమయంలో ఇన్‌ఫెక్షన్ కూడా అయి ఉండవచ్చు. అందుకే రెండింటికీ సిద్ధపడే చూస్తారు.

రెండో ప్రమాదం మెదడుకు. దీన్ని కనిపెట్టే పద్ధతి చాలా సాదా. నర్సు రోజూ వచ్చి ఇది ఏ సంవత్సరం, ఏ నెల, ఏ ఊళ్లో ఉన్నారు, ఇది ఏ ఆసుపత్రి అని అడుగుతుంది. పెన్ను, గడియారం, గుండీ లాంటి మూడు వస్తువులు చూపించి పేర్లు చెప్పమంటుంది. చిన్న పని ఏదైనా చేయమంటుంది. వంద నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టమంటుంది: వంద, తొంభై, ఎనభై. చివరికి ఒక కాగితం ఇచ్చి ఒక వాక్యం రాయమంటుంది. మొత్తం పది మార్కులు. రోజూ అదే వాక్యం రాయిస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. మొన్నటి దాకా గుండ్రంగా ఉన్న అక్షరాలు ఇవాళ గీత దాటుతాయి. ఒత్తు కింద పడాల్సింది పక్కకు పోతుంది. సగంలో వాక్యం ఆగిపోతుంది. స్కాన్‌లో ఏమీ కనిపించకముందే ఆ కాగితం చెప్పేస్తుంది. వెంటనే స్టెరాయిడ్లు మొదలుపెడతారు. ఎక్కువమందిలో కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. పక్కన ఉండే అటెండెంట్ ఈ సంగతి తెలుసుకుని ఉండాలి. రాత్రి పూట రోగి మాట తడబడితే, ఇంటిపేరు మర్చిపోతే, మందుల మత్తులే అని ఊరుకోకూడదు.

మరి ఫలితాలు? రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి. 2018లో ప్రచురించిన పరీక్షలో 75 మంది పిల్లలు, యువకులు ఉన్నారు. అందరికీ లుకేమియా తిరగబెట్టింది, లేదా మందులకు లొంగలేదు. మూడు నెలల్లో 81 శాతం మందిలో వ్యాధి కనిపించకుండా పోయింది. ఏడాది తిరిగేసరికి వ్యాధి మళ్లీ రాకుండా, ఇంకే ఉపద్రవం లేకుండా ఉన్నవాళ్లు సుమారు 50 శాతం. మన నెక్స్‌కార్19 పరీక్షలో 64 మంది పాల్గొన్నారు. ఫలితం కొలవడానికి వీలైన 51 మందిలో 73 శాతం మందికి చికిత్స పనిచేసిందని 2025లో లాన్సెట్ హెమటాలజీ పత్రికలో వచ్చింది. దారులన్నీ మూసుకుపోయిన రోగుల్లో ఇవి చాలా పెద్ద అంకెలు. అందరికీ శాశ్వతంగా నయమవుతుందని మాత్రం అవి చెప్పడం లేదు. ఆసుపత్రి బోర్డు మీద మొదట్లో ఎంతమందికి పనిచేసిందన్న అంకె ఒక్కటే కనిపిస్తే, ఏడాది తర్వాత ఎంతమందిలో నిలిచిందన్నది అడిగి తెలుసుకోవాలి.

తిరగబెట్టడానికి రెండు కారణాలు ముఖ్యం. ఒకటి, కార్-టి కణాలు అలిసిపోవడం, లేదా త్వరగా మాయం కావడం. రెండోది, క్యాన్సర్ కణం తన ఒంటి మీది సీడీ19ను వదిలించుకోవడం. కోట్ల కణాల్లో ఎక్కడో ఒకదానికి ఆ ఆనవాలు లేకపోతే, మిగిలినవన్నీ చచ్చినా అది మిగులుతుంది, పెరుగుతుంది. మందు బతికున్నదే, శత్రువూ బతికున్నదే. రెండూ మారుతుంటాయి. అందుకే ఒకేసారి రెండు ఆనవాళ్లను పట్టే కొక్కేల మీద పరిశోధన జరుగుతోంది. మూలుగలో పుట్టే మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్‌కు బీసీఎంఏ అనే వేరే ఆనవాలును గురిపెట్టారు. అలాంటి ఒక మందు తీసుకున్న 97 మందిలో మూడో వంతు మంది, ఇంకే చికిత్సా లేకుండా, అయిదేళ్లయినా వ్యాధి ముదరకుండా ఉన్నారని 2025లో వెల్లడైంది. మైలోమా వైద్యంలో ఇది ఊహించనిది.

"రొమ్ము క్యాన్సర్‌కు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఎందుకు ఇవ్వరు?" ఇది అందరూ అడిగే ప్రశ్న. బి కణాలు లేకుండా బతకవచ్చు అన్న మాట ఇక్కడ గుర్తుచేసుకోవాలి. గడ్డలుగా పెరిగే క్యాన్సర్ల మీద ఉండే ఆనవాళ్లు తరచు ముఖ్యమైన అవయవాల మీద కూడా కొద్దిగా ఉంటాయి. 2010లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఒక విషాదాన్ని వెల్లడించింది. హెర్2 అనే ఆనవాలును గురిపెట్టిన కణాలను పెద్దపేగు క్యాన్సర్ రోగికి ఎక్కించారు. పావుగంటలోనే ఊపిరాడలేదు. అయిదు రోజులకు మరణం. ఊపిరితిత్తుల కణాల మీద హెర్2 చాలా తక్కువగా ఉంటుంది. ఆ కొంచెమే కార్-టి కణాలకు చాలినట్టుంది. అంత చురుకైన పట్టు వాటిది.

ఇది కాక గడ్డ లోపలికి చేరడమే కష్టం. చేరినా అక్కడి వాతావరణం టి కణాలను నిద్రపుచ్చుతుంది. గడ్డలో అన్ని కణాలకూ ఒకే ఆనవాలు ఉండదు కూడా. దారి పూర్తిగా మూసుకుపోలేదు. జీర్ణాశయ క్యాన్సర్ మీద చైనాలో చేసిన పరీక్షలో వ్యాధి ముదరకుండా ఆగిన కాలం 1.77 నెలల నుంచి 3.25 నెలలకు పెరిగిందని 2025లో తేలింది. చిన్న అడుగే. ఇవాళ ఎవరైనా అన్ని క్యాన్సర్లకూ కార్-టి ఉందని చెబితే నమ్మవద్దు. స్టెమ్ సెల్ పేరుతో అన్ని జబ్బులకూ ఇంజెక్షన్లు వేసే చోట్లు మన ఊళ్లలో చూశాం. పేరులో సెల్ ఉన్నంత మాత్రాన అదీ ఇదీ ఒకటి కావు.

అలాగే లుకేమియా అని తెలిసిన వెంటనే కార్-టి కోసం పరుగెత్తడం కూడా తప్పు. పిల్లల లుకేమియాలో క్రమం తప్పకుండా పూర్తిగా తీసుకుంటే మామూలు కీమోతోనే ఎక్కువమందికి నయమవుతుంది. కార్-టి ముఖ్యంగా అది తిరగబెట్టినవాళ్లకు, లొంగనివాళ్లకు. మధ్యలో కీమో మానేసి దీనికోసం ఎదురుచూస్తే ఉన్న అవకాశం కూడా పోతుంది.

ఇక ధర. మాత్రలయితే ఒక్క బ్యాచ్‌లో లక్షలు తయారవుతాయి. కొన్నింటిని పరీక్షిస్తే మొత్తానికి సరిపోతుంది. ఇక్కడ ఒక మనిషికి ఒక బ్యాచ్. శుభ్రమైన గది, నిపుణులు, వారాల పని, పరీక్షలన్నీ ఆ ఒక్క సంచికే. వైరస్ బండి తయారీ అన్నిటికంటే ఖరీదైన పనుల్లో ఒకటి. అమెరికాలో మొదటి మందు 2017లో వచ్చినప్పుడు దాని ధర 4,75,000 డాలర్లు. ఇవాళ్టి మన లెక్కలో సుమారు నాలుగు కోట్లు. ఐఐటీ బొంబాయిలో రాహుల్ పూర్వార్ బృందం వైరస్ నుంచి చివరి సంచి దాకా ఇక్కడే తయారుచేసుకునే దారి వేసింది. 2021 జూన్ 4న టాటా మెమోరియల్ ప్రాంగణంలో మొదటి రోగికి ఎక్కించారు. మార్కెట్‌లోకి వచ్చేసరికి ధర 40 లక్షల చుట్టుపక్కల నిలిచింది. ఆ పరిశోధన నుంచి పుట్టిన ఇమ్యునోయాక్ట్ కంపెనీలో హైదరాబాద్‌కు చెందిన లారస్ ల్యాబ్స్ 2021లోనే పెట్టుబడి పెట్టింది. 2025 జనవరిలో బెంగళూరులోని ఇమ్యునీల్ సంస్థ కార్టెమి అనే ఇంకో మందు తెచ్చింది.

పదో వంతు ధర అంటే గొప్ప సంగతే. అయినా 40 లక్షలంటే మన దగ్గర పొలం అమ్మాల్సిన మాట. దానికి తోడు ఆసుపత్రి గది, ఐసీయూ, టోసిలిజుమాబ్, రక్తం, ప్లేట్‌లెట్లు, తర్వాతి యాంటీబాడీల ఖర్చు వేరుగా ఉంటుంది. సంతకం పెట్టే ముందు అవన్నీ కలిపి కాగితం మీద రాసివ్వమని అడగాలి. తయారీలో కణాలు పెరగకపోతే డబ్బు సంగతేమిటో కూడా అడగాలి. దాతల కణాలతో ముందే చేసి పెట్టుకోవడం, వైరస్ బండిని నేరుగా ఒంట్లోకి పంపి అక్కడే టి కణాలను మార్చడం అనే రెండు దారుల్లో ధర తగ్గించే ప్రయత్నాలు నడుస్తున్నాయి. రెండూ ఇంకా పరీక్షల దశలోనే ఉన్నాయి.

చాలాకాలం తర్వాత వచ్చే ప్రమాదాలూ ఉన్నాయి. చికిత్స తర్వాత కొందరిలో టి కణాలకే క్యాన్సర్ వచ్చింది. 2023 చివరికి అమెరికాలో 27,000కు పైగా డోసులు ఇచ్చారు, అలాంటి కేసులు 22 తెలిశాయి. వీటిలో అన్నింటికీ ఈ చికిత్సే కారణమని తేలలేదు. అయినా అక్కడి నియంత్రణ సంస్థ 2024లో మందుల మీద హెచ్చరిక చేర్పించింది. ఆ రోగుల్లో ఎక్కువమందికి ఎదురుగా ఉన్న ప్రమాదం దీనికంటే చాలా పెద్దది. అందుకే మందు ఆపలేదు. పదిహేనేళ్లపాటు గమనిస్తూ ఉండాలని మాత్రం నియమం ఉంది.

సంచి ఖాళీ అయ్యాక కొన్ని వారాలు ఆసుపత్రికి దగ్గరలోనే గది తీసుకుని ఉండమంటారు. రక్తకణాల కౌంట్ నెలల తరబడి తక్కువగా ఉండవచ్చు. బి కణాలు లేనందువల్ల పాత హెపటైటిస్-బి తిరిగి రేగవచ్చు, కాబట్టి దాని పరీక్షలు ముందే చేస్తారు. టీకాలు ఎప్పుడు మళ్లీ వేయించుకోవాలో డాక్టరే చెప్పాలి. ఇంటికి పంపేటప్పుడు పర్సులో పెట్టుకోవడానికి ఒక కార్డు ఇస్తారు. ఇవ్వకపోతే అడిగి తీసుకోవాలి. ఊరికి వెళ్లాక రాత్రి జ్వరం వస్తే మన దగ్గర మొదట పిలిచేది పక్కవీధి ఆర్ఎంపీనే. ఆయన అలవాటు కొద్దీ డెక్సా ఇంజెక్షన్ వేస్తాడు. అది స్టెరాయిడ్. చికిత్స చేసిన డాక్టరు లెక్క వేసుకుని ఇచ్చేది వేరు, తెలియక వేసేది వేరు. పని చేస్తున్న టి కణాలను అది అణచివేయగలదు, జ్వరం వెనక ఉన్న ఇన్‌ఫెక్షన్‌ను కప్పేయనూ గలదు. అందుకే ఆ కార్డు మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో మూడు మాటలు రాసుకోవాలి: కార్-టి కణాలు ఎక్కించిన తేదీ, ఏ వేళలోనైనా పలికే ఆసుపత్రి ఫోన్ నంబరు, అడగకుండా స్టెరాయిడ్ వేయవద్దని.